రొమేనియా వాళ్ళు జర్మనీకి పోతున్నరు, మనోళ్ళు రొమేనియాకు పోతున్నరు: ఇదేం లెక్క?

జగిత్యాల పోరడు · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్తే. మా బామ్మర్ది దుబాయ్‌ల ఏడేండ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గ చేసి పోయినేడు ఇంటికొచ్చిండు. ఇప్పుడు ఒక ఏజెంటు రొమేనియా అంటున్నడు. బేకరీ పని, రెండేండ్ల కాంట్రాక్టు, ఉండుడు కంపెనీదేనట. నాలుగున్నర లచ్చలు అడుగుతున్నడు. "ఒక్కసారి లోపల అడుగు పెడితే సాలు, షెంగెన్ కదా, జర్మనీ అయినా ఫ్రాన్స్ అయినా పోవచ్చు" అని ఆశ పెట్టిండు.

పైసల సంగతి తర్వాత. నాకు సమజ్ కానిది ఒకటుంది. రొమేనియా పెద్ద ధనిక దేశమేం కాదు. ఆ దేశపోళ్ళే ఇటలీకి, జర్మనీకి కూలికి పోతరని విన్న. మరి ఆడ మనిషి దొరకక జగిత్యాల దాకా ఎందుకొచ్చిండ్రు? తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి. ఏజెంటు పేరు అడగకుండ్రి, చెప్ప.

పోలండ్ గోదారోడు · 9:31

ముందు ఆ షెంగెన్ మాట సంగతి తేల్చుకోండి. షెంగెన్ అంటే మధ్యలో సరిహద్దు తనిఖీల్లేని యూరప్ దేశాల గుంపు. సగం నిజం అది. కొంపలు ముంచేదీ ఆ సగమేనండి. రొమేనియా రెసిడెన్స్ కార్డు ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. తిరగడం వరకే. పని చెయ్యకూడదు. జర్మనీలో పని చెయ్యాలంటే జర్మనీ పర్మిటే కావాలి. రొమేనియా పౌరుడు అయితే రేపు పొద్దున్న బస్సెక్కి మ్యూనిక్‌లో దిగి ఎల్లుండి పనిలో చేరిపోతాడు. ఒకే బేకరీలో పక్కపక్కన పిండి కలిపే ఇద్దరిలో ఒకడికి యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలు, రెండోవాడికి ఒక్క దేశం, అందులోనూ ఒక్క యజమాని.

నేను వ్రోత్స్వాఫ్ దగ్గర గోడౌన్లో చేస్తున్నాను, నాలుగేళ్ళయింది. మిగతాది తీరిగ్గా రాస్తాను, నైట్ షిఫ్టుకి టైమవుతోంది.

లెక్కల మాస్టారు · 10:22

పోరడు గారూ, ప్రశ్న చిన్నదే కానీ జవాబు కోసం 1957 దాకా పోవాలి. ఓపిక ఉంటే చదవండి.

ఆ ఏడాది రోములో ఆరు దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి, ఇవాళ్టి యూరోపియన్ యూనియన్‌కు పునాది అదే: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. సరుకు, సేవ, పెట్టుబడి, మనిషి, ఈ నాలుగూ సరిహద్దు దాటి అడ్డం లేకుండా తిరగాలన్నది లక్ష్యం. నాలుగోది కావాలని గట్టిగా పట్టుబట్టింది ఇటలీ. దక్షిణాన పని లేక వాళ్ళ జనం అప్పటికే బెల్జియం బొగ్గు గనుల్లో దిగుతున్నారు. 1956 ఆగస్టులో మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది పోతే వాళ్ళలో 136 మంది ఇటలీ కూలీలు. సింగరేణి పక్కన పెరిగినవాళ్ళకు ఈ లెక్క గుండెకు తగులుతుంది. ఇవాళ అదే ఇటలీలో ముసలివాళ్ళకు అన్నం పెట్టేది రొమేనియా ఆడవాళ్ళు.

మొదట్లో చేరిన దేశాల మధ్య జీతాల తేడా ఉన్నా మరీ కొండకూ లోయకూ ఉన్నంత లేదు. 2004 మే 1న పోలండ్, హంగరీ, లిథువేనియా వగైరా పది దేశాలు ఒకేసారి చేరాయి. 2007 జనవరి 1న రొమేనియా, బల్గేరియా వచ్చాయి. ఇక చూడండి. గంట పనికి యజమానికి పడే ఖర్చు, జీతమూ దాని మీద యజమాని కట్టే బీమా, పన్నులూ కలిపి, 2024లో లక్సెంబర్గ్‌లో 55.2 యూరోలు. జర్మనీలో 43.4. రొమేనియాలో 12.5. బల్గేరియాలో 10.6. మధ్యలో గట్టు తీసేశారు. నీళ్ళు ఎటు పారతాయో చెప్పడానికి నా డిగ్రీ అక్కర్లేదు.

1990లో రొమేనియా జనాభా 2.3 కోట్లు. 2021 జనాభా లెక్కల్లో 1.9 కోట్లు. పుట్టుకలు తగ్గడం కూడా కారణమే, కానీ పోయినవాళ్ళ వాటా పెద్దది. 30 లక్షల మందికి పైగా రొమేనియన్లు యూనియన్లోని వేరే దేశాల్లో ఉన్నారు. పోయేది ఎవరు? పాతికేళ్ళవాడు, మేస్త్రీ, వెల్డరు, నర్సు. మిగిలేది వాళ్ళ అమ్మానాన్నలు. మరి అక్కడ ఇల్లు కట్టాలన్నా, రొట్టె కాల్చాలన్నా చేతులేవి? అందుకే 2022 నుంచి 2025 దాకా ఏటా లక్ష మంది పనివాళ్ళను యూనియన్ బయటినుంచి తెచ్చుకోవచ్చని ఆ ప్రభుత్వం కోటా పెట్టింది. మీ బామ్మర్దీ ఇలాంటి కోటాలోనే పోతాడన్నమాట. అదీ జగిత్యాల దాకా వచ్చిన కథ.

లండన్ లచ్చన్న · 10:40

నీళ్ళు పారతాయి సరే మాస్టారూ, పల్లంలో ఉన్నోడి ఇల్లు మునిగిన సంగతి కూడా చెప్పండి. 2004లో పది దేశాలు చేరినప్పుడు బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన అంచనా ఏమిటో తెలుసా? ఏడాదికి నికరంగా 5,000 నుంచి 13,000 మంది వస్తారని. వచ్చింది లక్షల్లో. 2011 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంగ్లీషు (వేల్స్‌లో వెల్ష్) తర్వాత ఎక్కువమంది తమ ముఖ్య భాషగా రాయించింది పోలిష్! లింకన్‌షైర్‌లో బోస్టన్ అని చిన్న ఊరు, చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్ పొలాలు. పదేళ్ళలో ఊరి ముఖమే మారిపోయింది. డాక్టరు అపాయింట్‌మెంటు దొరకదు, ఒక్కో ఇంట్లో పదేసిమంది. 2016లో 75.6 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదాం అని ఓటేశారు. దేశంలోకెల్లా అదే ఎక్కువ. వాళ్ళంతా పిచ్చోళ్ళా?

డబ్లిన్ వాన · 10:58

లచ్చన్నా, నువ్వు 2009లో స్టూడెంట్ వీసా మీద దిగి ఆ పోలిష్ వాళ్ళ పక్కనే గోడౌన్లో డబ్బాలు సర్దావని నువ్వే ఇక్కడ రాశావు. గట్టు దాటొచ్చి గట్టెందుకు తీశారంటే ఎలా? 😀

లండన్ లచ్చన్న · 11:02

సర్దాను కాబట్టే చెప్తున్నానమ్మా. గంటకి ఎంతిస్తారో, మనం కాదంటే వెనక లైన్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

లెక్కల మాస్టారు · 11:25

లచ్చన్న చెప్పిన అంచనా తప్పిన మాట నిజం. ఎందుకు తప్పిందో కూడా చెప్పాలి. పాత దేశాలు కొత్తవాళ్ళను ఏడేళ్ళ వరకు ఆపుకోవచ్చని ఒప్పందంలో వెసులుబాటు ఉంది: మొదట రెండేళ్ళు, తర్వాత మూడు, మరీ అవసరమైతే ఇంకో రెండు. జర్మనీ కూడా తలుపు తీస్తుందనుకుని ఆ లెక్క వేశారు. తీరా చూస్తే మొదటి రోజే తీసింది బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. జర్మనీ, ఆస్ట్రియా పూర్తి ఏడేళ్ళూ ఆగి 2011 మే 1న తెరిచాయి. అంతా కలిసి తెరవాల్సిన గేట్లలో మూడే తెరిస్తే వరద ఆ మూడు కాలవలకే కదా. బ్రిటన్ ఆ దెబ్బకు జడిసి రొమేనియా, బల్గేరియా వాళ్ళను మాత్రం 2014 జనవరి దాకా ఆపింది.

జీతాల మాటకొస్తే, వలసల మీద బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే కమిటీ 2018 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. మొత్తం మీద జీతాలపై ప్రభావం కొద్దిగానో, లేనట్టో ఉంది. కాకపోతే అడుగు మెట్టు మీద ఉన్నవాళ్ళకు కొంచెం నష్టం. లచ్చన్న ఆ రోజుల్లో నిలబడ్డది సరిగ్గా ఆ మెట్టు మీదే. అతని అనుభవం అబద్ధమని నేననను.

లండన్ లచ్చన్న · 11:31

థాంక్యూ మాస్టారూ. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

డబ్లిన్ వాన · 11:49

మా ఐర్లండ్ కథ వేరు. నేను 2005లో చదువుకోవడానికి వచ్చాను. ఇంట్లో నలుగురం, ఇద్దరు పోలిష్ అమ్మాయిలు, ఒకామె లిథువేనియా. ఎటు చూసినా క్రేన్లే. ప్లంబరు పోలిష్, పెయింటరు లాట్వియా, మా మాంసం కొట్టాయన లిథువేనియా. 2008లో ఇళ్ళ బుడగ పేలింది. క్రేన్లు ఆగిపోయాయి. నిరుద్యోగం 5 శాతం దరిదాపుల నుంచి 2012 నాటికి 15 దాకా పోయింది. 2010 నవంబరులో ప్రభుత్వం యూరప్ ముందు, ఐఎంఎఫ్ ముందు చెయ్యి చాచింది. మా ఇంటి అమ్మాయిల్లో ఒకామె క్రాకూఫ్ వెళ్ళిపోయింది. విచిత్రం ఏంటంటే చాలామంది పోలిష్ వాళ్ళు పోలేదు. 2011 లెక్కల్లో 1,22,000 పైచిలుకు ఉన్నారు. పోయింది ఐరిష్ పిల్లలు! ఆస్ట్రేలియా, కెనడా. మా మేనేజరు ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు పెర్త్‌లో తేలారు. ఆదివారం స్కైప్‌లో మనవణ్ణి చూపించి ఏడ్చేది.

లెక్కల మాస్టారు · ఆదివారం ఉదయం 6:10

రాత్రి నిద్రపట్టక డబ్లిన్ అమ్మాయి రాసిందే ఆలోచిస్తూ ఉన్నాను. ఆమె ఇంటి కథలోనే యూరో గుట్టంతా ఉంది.

రాబర్ట్ మండెల్ అనే కెనడా ఆర్థికవేత్త 1961లో ఒక ప్రశ్న వేశాడు. ఏయే ప్రాంతాలు కలిసి ఒకే డబ్బు వాడుకోవచ్చు? సొంత కరెన్సీ ఉన్న దేశానికి కష్టం వస్తే కరెన్సీ విలువ తగ్గించుకుంటుంది, దాని సరుకు బయటివాళ్ళకు చౌకవుతుంది, మెల్లగా లేస్తుంది. ఒకే డబ్బు అయితే ఆ మందు లేదు. అప్పుడు మూడే దార్లు: జీతాలు కోయడం, మధ్యలో ఉన్న పెద్ద ఖజానా డబ్బు పంపడం, లేదంటే జనం పని ఉన్న చోటికి లేచిపోవడం.

మన దగ్గర చూడండి. అనంతపురంలో వాన పడకపోతే అనంతపురం రూపాయి విలువ తగ్గదు. జనం బెంగళూరు బస్సెక్కుతారు, ఉపాధి హామీ పనికి ఢిల్లీ నుంచి కూలి డబ్బు వస్తుంది, రేషను బియ్యం ఉంటుంది. చాలీచాలనిదే అయినా ఒక ఏర్పాటు. యూరోకు ఆ ఢిల్లీ లేదు. యూనియన్ బడ్జెట్టు మొత్తం ఆ దేశాల ఆదాయంలో సుమారు ఒక శాతం, అందులో రైతుల సబ్సిడీలకు పోగా ఇంకెంత? అందుకని గ్రీసుకు కష్టం వచ్చినప్పుడు 2010 నుంచి మూడు విడతల అప్పు, అప్పుతోబాటు కోతలు. ఆర్థిక వ్యవస్థలో నాలుగోవంతు కరిగిపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది, కుర్రవాళ్ళలో సగానికి పైగా. స్పెయిన్‌లో 26. డాక్టరు చదివిన గ్రీకు కుర్రాడు జర్మనీ ఆసుపత్రిలో చేరాడు. చదివించిన ఖర్చు అప్పుల్లో ఉన్న గ్రీసుది, వైద్యం అందింది అప్పు ఇచ్చిన జర్మనీకి.

అంటే ఒక్క మాట. ఖజానా చెయ్యాల్సిన పనిని యూరప్ చాలావరకు మనిషి వీపు మీద పెట్టింది.

బెర్లిన్ బుజ్జి · 8:35

మాస్టారు, చిన్న సవరణ. రొమేనియా యూరోలో లేదు. వాళ్ళది లేయి. బల్గేరియా 2026 జనవరి 1న చేరింది. పోలండ్ కూడా జ్లోతీయే.

లెక్కల మాస్టారు · 8:52

ఒప్పుకున్నాను. లెక్కల మాస్టారు అని పేరు పెట్టుకున్నందుకు సిగ్గుపడాలి. కానీ మీ సవరణ వల్ల ఒక మంచి ప్రశ్న వస్తోంది. పోలండ్ తన జ్లోతీ తాను ఉంచుకుంది. 2008 తుఫానులో దాని విలువ పడిపోయింది, ఎగుమతులు నిలిచాయి. 2009లో యూనియన్ మొత్తంలో ఆర్థిక వ్యవస్థ పెరిగిన దేశం అదొక్కటే. లాట్వియా మాత్రం తన డబ్బును యూరోకు గట్టిగా కట్టేసుకుని కూర్చుంది, జీతాలు కోసింది, జనం పోయారు. 1989లో 26 లక్షలకు పైగా ఉన్న దేశంలో ఇప్పుడు 19 లక్షలు కూడా లేరు.

యూరోలో ఉన్నా లేకున్నా గట్టు మాత్రం అందరికీ తీసేశారు. ఆ భాగం రొమేనియాకూ వర్తిస్తుంది.

పోలండ్ గోదారోడు · 9:20

షిఫ్టు దిగానండి. పోలండ్ మాట వచ్చింది కాబట్టి నా వంతు.

2004లో ఇక్కడ నిరుద్యోగం 19 శాతం ఉండేదంట. మా ఫోర్‌మేన్ చెప్తాడు, వాళ్ళ క్లాసులో సగంమంది ఇంగ్లండు బస్సెక్కారని. ఇప్పుడు 3 శాతం దరిదాపులే. ఆయన కూడా పదేళ్ళు లీడ్స్‌లో ఇటుకలు పేర్చి, తిరిగొచ్చి, ఇల్లు కట్టుకుని, ఇప్పుడు మాకు మేస్త్రీ. తలసరి ఆదాయం అప్పట్లో యూనియన్ సగటులో సగం, ఇప్పుడు 80 శాతం దగ్గరికొచ్చింది. రోడ్లన్నిటి పక్కనా నీలం బోర్డు, పన్నెండు చుక్కల జెండా. యూనియన్ డబ్బుతో వేసిన రోడ్డు అని. కాబట్టి మాస్టారూ, ఖజానా అస్సలు లేదనకండి. పోలండ్‌కి బాగానే ముట్టింది.

నేను వచ్చినప్పుడు లైన్లో ముప్పాతిక మంది యుక్రెయిన్ వాళ్ళు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన వారానికి మగాళ్ళు చాలామంది బ్యాగు సర్దేసుకున్నారు. వలోద్యా అని నా పక్క ఫోర్క్‌లిఫ్ట్ వాడు, తాళం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. నెల తర్వాత వాళ్ళావిడ, పిల్లలు ఇక్కడికొచ్చారు, వాడు రాలేదు. ఆ ఖాళీల్లోకి నేపాలు, ఇండియా, ఫిలిప్పీన్స్, కొలంబియా.

ఇక్కడ తెలుసుకోవాల్సిన మాటలు మూడండి. ఉమోవా ఓ ప్రాత్సె అంటే అసలైన ఉద్యోగ ఒప్పందం: సెలవులు, నోటీసు అన్నీ ఉంటాయి. ఉమోవా జ్లెత్సేనియా అంటే గంటల లెక్క కాంట్రాక్టు, పని లేని వారం జీతం లేదు. ఏజెన్సీలు రెండోదే చేతిలో పెడతాయి. మూడోది కార్తా పోబితు, అదే రెసిడెన్స్ కార్డు. నాది పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలలూ దేశం దాటలేదు, మా నాన్నమ్మ దినాలకి కూడా వీడియోలోనే దణ్ణం పెట్టాను. హాస్టల్లో గదికి ఆరుగురం, అద్దె జీతంలో కోత. నేను మోసపోయానని అనను, చెప్పినంతే ఇచ్చారు. చెప్పనిది కూడా కోశారు, అంతే.

బెర్లిన్ బుజ్జి · 11:05

గోదారి గారు చెప్పిందానికి జర్మనీ వైపు అద్దం చూపిస్తాను.

2020 ఏప్రిల్. ఊరంతా లాక్‌డౌన్, విమానాలు బంద్. కానీ ష్పార్గెల్ సీజను వచ్చేసింది. అదో తెల్లటి దుంపలాంటి కాడ, జర్మన్లకు దాని మీద మనకు మామిడికాయ మీదున్నంత పిచ్చి. కోయడానికి జర్మన్లు రారు. ప్రభుత్వం ఏప్రిల్‌లో 40,000, మేలో 40,000 మంది కూలీలకు ప్రత్యేక అనుమతి ఇచ్చింది. రొమేనియాలో క్లూజ్ విమానాశ్రయం బయట వందలమంది ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డ ఫొటోలు అందరూ చూశారు. పక్కింటికి పోకూడదన్న రోజుల్లో, కూర కోసం చార్టర్ విమానం.

జూన్‌లో రేడా-వీడెన్‌బ్రూక్ మాంసం కర్మాగారంలో 1,500 మందికి పైగా కరోనా. ఎక్కువమంది రొమేనియా, బల్గేరియా వాళ్ళు. అప్పుడు బయటపడింది: వాళ్ళు ఆ కర్మాగారం ఉద్యోగులే కాదు, సబ్ కాంట్రాక్టర్ మనుషులు. ఇరుకు గదులు, ఒకే వ్యాను. అంటే యూరోపియన్ పౌరుడై, అన్ని హక్కులూ ఉండి కూడా. ఆ గొడవ తర్వాత 2021 జనవరి నుంచి కబేళాల్లో సబ్ కాంట్రాక్టు కూలిని చట్టం నిషేధించింది. మంచి చట్టం. ష్పార్గెల్ పొలాలకు మాత్రం వర్తించదు.

జగిత్యాల పోరడు · 11:30

అక్కా, మరి మా ఏజెంటు "రొమేనియా కంపెనీయే జర్మనీకి పంపుతది" అని కూడా అన్నడు. అది అబద్ధమా?

బెర్లిన్ బుజ్జి · 12:15

పూర్తి అబద్ధం కాదు తమ్ముడూ, అదే చిక్కు. ఒక యూనియన్ దేశపు కంపెనీ తన దగ్గర చట్టబద్ధంగా పనిచేసే బయటి దేశపు మనిషిని కూడా కొంతకాలం ఇంకో దేశానికి పని మీద పంపొచ్చు. 1994లో వాండర్ ఎల్స్ట్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు అది. మొరాకో కూలీల విషయంలో. ఇప్పటికీ ఆ పేరుతోనే జర్మనీ వీసా ఉంది. కానీ పంపేది కంపెనీ, పోయేది కంపెనీ పని మీద, ఆ పని అయ్యాక వెనక్కి. నీ ఇష్టం మీద జర్మనీలో వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి కాదు. బేకరీలో రొట్టెలు కాల్చేవాణ్ణి జర్మనీకి ఎందుకు పంపుతారు చెప్పు?

ఇలా తిప్పే పని లారీల్లో విపరీతం. 2023 వసంతంలో డార్మ్‌స్టాట్ దగ్గర గ్రేఫెన్‌హౌజెన్ అనే హైవే ఆగే చోట అరవై దాకా లారీలు నిలిపేశారు డ్రైవర్లు. జార్జియా, ఉజ్బెకిస్తాన్ మనుషులు. బళ్ళు పోలండ్ కంపెనీవి. సరుకు వేరే దేశాలది. జీతం నెలల తరబడి రాలేదు. యజమాని ప్రైవేటు సెక్యూరిటీ మనుషులతో, కవచం ఉన్న బండితో దిగాడు, పోలీసులు వచ్చి ఆ యజమానినీ అతని మనుషులనే పట్టుకుపోయారు. చివరికి డ్రైవర్లు దాదాపు 3 లక్షల యూరోలు వసూలు చేసుకునే కదిలారు. మేం వారాంతంలో ఒకసారి పులిహోర కలిపి పట్టుకెళ్ళాం. వాళ్ళు మాకు ప్లోవ్ పెట్టారు. బిర్యానీకి బంధువే.

లెక్కల మాస్టారు · 12:40

పని మీద పంపడం అనే ఈ దారి మీదే పెద్ద యుద్ధం జరిగింది. 2004లో స్టాక్‌హోం దగ్గర వాక్స్‌హోల్మ్ ఊళ్ళో లాట్వియా కంపెనీ ఒకటి బడి కడుతోంది, స్వీడన్ కన్నా తక్కువ జీతాలతో. మా జీతం ఇవ్వకపోతే పని జరగనివ్వం అని స్వీడన్ కార్మిక సంఘాలు అడ్డం కూర్చున్నాయి. 2007 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు కంపెనీ వైపు. ఎర్ర జెండాలు రెండు వైపులా ఉన్న గొడవ: స్వీడన్ కూలి తన జీతం కాపాడుకోవాలని, లాట్వియా కూలి ఆ చౌక జీతమే తన పెట్టుబడి అని. ఎవరిది తప్పనాలో నాకు ఇప్పటికీ తెగదు. 2018లో నిబంధన మార్చారు: ఒకే చోట ఒకే పనికి ఒకే జీతం. కాగితం మీద.

చెయ్యేటి గట్టు · 1:22

నేను ఎప్పుడూ చదివి పోయేదాన్నే, రాసేదాన్ని కాదు. ఇటలీలో ముసలోళ్ళను చూసుకునే రొమేనియా ఆడోళ్ళ మాట మాస్టారు ఒక్క వాక్యంలో దాటేసినాడు. వాళ్ళను ఆడ బదాంతే అంటారు. రాత్రింబగళ్ళు ఆ ఇంట్లోనే. తిరిగొచ్చినాక వాళ్ళకొచ్చే దిగులుకు, నిద్రలేమికి డాక్టర్లు ఇటలీ సిండ్రోమ్ అని పేరే పెట్టినారు. పిల్లోళ్ళు అవ్వల దగ్గర.

మా రాజంపేట పక్క కువైట్ ఇండ్లు చూసినోళ్ళకు ఇది కొత్త కాదు. మా అమ్మ పదకొండేండ్లు ఉన్నింది కువైట్‌లో. నేను పెద్దమనిషైన సంగతి ఆమెకు క్యాసెట్లో రికార్డు చేసి పంపినాము. ఇల్లు కట్టినాము. బాగానే ఉండాది ఇల్లు.

డబ్లిన్ వాన · 1:50

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అక్కా.

ఒక్క సంగతి మాత్రం చెప్తాను, కోపంతో. ఆస్ట్రియాలో కూడా ముసలివాళ్ళను చూసుకునేది రొమేనియా, స్లొవాకియా ఆడవాళ్ళే. వాళ్ళ పిల్లలు సొంతూళ్ళో ఉన్నారు కదా, అక్కడ ఖర్చు తక్కువ కదా అని 2019 నుంచి ఆ ప్రభుత్వం పిల్లల భత్యం తగ్గించింది. పన్ను మాత్రం పూర్తిగా కట్టించుకుంది. 2022 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం ఆ కోతను కొట్టేసింది. ఇలాంటప్పుడు మాత్రం యూనియన్ ఉన్నందుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కువైట్ మీద కేసు ఏ కోర్టులో వేస్తాం?

లండన్ లచ్చన్న · 2:30

సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటా. బ్రెగ్జిట్ తర్వాత బోస్టన్ పొలాల్లో ఇంగ్లీషువాళ్ళు దిగలేదు. 2021లో లారీ డ్రైవర్లు లేక పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టాం. సీజనల్ వీసా మీద నేపాల్, ఇండోనేషియా, కిర్గిజ్‌స్తాన్ నుంచి తెచ్చారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస 9 లక్షలు దాటింది, యూనియన్లో ఉన్నప్పటికన్నా ఎక్కువ. తేడా ఒక్కటే. పోలిష్ వాడు నచ్చకపోతే యజమాని మొహాన చెప్పి వెళ్ళిపోయేవాడు. వీసా మీద వచ్చినోడు వెళ్ళలేడు.

పోలండ్ గోదారోడు · 2:41

అదండీ. మొదటి పోస్టులో నేను చెప్పిందీ అదే.

జగిత్యాల పోరడు · సోమవారం రాత్రి 8:05

అందరిదీ రెండుసార్లు చదివిన. బామ్మర్దిని పక్కన కూసోబెట్టి సదివి వినిపించిన. వాడన్న మాట: "బావా, దుబాయ్‌ల కఫీల్, అంటే యజమాని, పాస్‌పోర్టు గుంజుకుంటడు, ఆడ అట్ల చెయ్యలేరు కదా. చలి ఒక్కటే కదా." పోవాలనే ఉంది వానికి. ఇక్కడ పసుపు ధర చూస్తే నేను వద్దనలేను.

ఏం చూసుకోవాల్నో చెప్పుండ్రి.

డబ్లిన్ వాన · 8:30

ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు నంబరు ఉందా లేదా ఈమైగ్రేట్ సైట్లో చూడు. ఉన్నవాడు కూడా చట్టప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీసు ఫీజు తీసుకోకూడదు. నాలుగున్నర లక్షలంటే మిగతాది ఎవరి జేబులోకో అడుగు. రసీదు ఇవ్వనంటే అక్కడే లేచి వచ్చెయ్.

పోలండ్ గోదారోడు · 8:44

జీతం గ్రాసా, చేతికొచ్చేదా అడగండి. 2025లో రొమేనియా కనీస జీతం గ్రాస్ 4,050 లేయి. అంటే 800 యూరోలు అనుకోండి. కోతలు పోను చేతికి అందులో మూడింట రెండొంతులు. ఏజెంటు పెద్ద అంకె చెప్పి ఉంటాడు. ఇంకోటి, మొదటి ఏడాది ఆ యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే వేరే చోటికి మారడం అవ్వదు. దాన్ని తెలుసుకునే ఎక్కండి విమానం.

జగిత్యాల పోరడు · 9:10

చెప్పింది 800 యూరోలే! గ్రాస్ అన్న ముచ్చట ఎత్తనే లేదు. కాంట్రాక్టు కాయిదం ఉంది, సగం ఇంగ్లీషు, సగం రొమేనియా భాష. ఇంగ్లీషు పేజీల ఉండుడు ఫ్రీ అని ఉంది.

బెర్లిన్ బుజ్జి · 9:25

పేర్లు, నంబర్లు కొట్టేసి నాకు ప్రైవేటుగా పంపు. మా ఆఫీసులో రొమేనియా ఆవిడ ఉంది, లంచ్‌లో చూపిస్తాను. రెండు భాషల్లో ఉన్న కాంట్రాక్టులో ఏ భాష చెల్లుతుందో కింద ఎక్కడో ఒక లైను ఉంటుంది, అది ముఖ్యం.

బెర్లిన్ బుజ్జి · మంగళవారం మధ్యాహ్నం 4:50

చదివిందమ్మా. చెల్లేది రొమేనియా భాషే. అందులో వసతి ఫ్రీ అని లేదు, "యజమాని ఏర్పాటు చేస్తాడు" అని ఉందట. ఖర్చు ఎవరిదో రెండో పేజీలో ఉండాలి అంది. బేకరీ ఉన్నది వాళ్ళ జిల్లాలోనే, వాళ్ళ అన్నయ్యకు తెలిసిన ఊరే. అడిగి చెప్తానంది. "పొద్దున రెండింటికి మొదలవుతుంది బేకరీ పని, ఆ అబ్బాయికి తెలుసా?" అని అడిగింది. రెండో పేజీ ఫొటోలో కింది భాగం నీ బొటనవేలు అడ్డం వచ్చింది, మళ్ళీ పంపు.

జగిత్యాల పోరడు · 5:15

పంపిన అక్కా. ఈసారి బయట వెలుగుల తీసిన. పొద్దున రెండు గంటల ముచ్చట వానికి ఇంక చెప్పలే, ఇయ్యాల రాత్రి చెప్త.